ఊరకుక్కకు ఛాంపియన్ పట్టా

మా కుక్క ఛాంపియన్ అని చెప్పగానే ఇక్కడ జార్జియాలో, మా కమ్మింగ్ ఊళ్ళో, మన తెలుగువాళ్ళు వేసే మొదటి ప్రశ్న "ఏ బ్రీడండీ?" అని. ఊరకుక్క అంటాను. కాసేపు నవ్వుకుంటారు. ఆ నవ్వు తగ్గాక రెండో ప్రశ్న వస్తుంది. "ఇంతకీ ఆ టైటిల్ ఎవరిచ్చారు?" అసలు ప్రశ్న ఇదే. పెళ్ళిసంబంధం మాట్లాడేటప్పుడు "అబ్బాయి ఎమ్మెస్ ఏ యూనివర్సిటీలో?" అని అడిగే గొంతూ ఈ గొంతూ ఒకటే. నేను ఆ సంస్థ పేరు చెబుతాను. వాళ్ళెప్పుడూ విని ఉండరు. "ఓహో" అంటారు. ఆ ఓహోలో కాస్త జాలి కలుస్తుంది చూడండి, అది నాకు ఒంటికి కారం పూసినట్టుంటుంది.

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరికీ తెలుసు. తలా ఒక వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్‌ విందులో ఒక పెద్దాయన పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని, "అయితే కుక్కతోక పట్టుకుని గోదారి ఈదుతున్నావన్నమాటమ్మా" అన్నాడు. "ఈదేశాను అంకుల్, అవతలి ఒడ్డున నిలబడే మాట్లాడుతున్నా" అన్నాను. మా ఆయన నా మోచేయి గిల్లాడు. నేను నోరు మూసుకుని పెరుగన్నం వడ్డించుకున్నాను. ఆ రోజు ఆయనకు చెప్పకుండా మింగేసిన కథ ఇది.

మావాడు హైదరాబాదు రోడ్ల మీద పుట్టాడు. కారు గుద్ది కాలు విరిగితే జంతువుల్ని కాపాడేవాళ్ళు తీసుకెళ్ళి బాగుచేశారు. వాళ్ళ పుణ్యాన విమానమెక్కి అట్లాంటాలో దిగాడు. మొదట ఒక కుటుంబం తీసుకుంది. వచ్చిన చుట్టాల మీదికల్లా పళ్ళు చూపిస్తున్నాడని తిరిగి ఇచ్చేసింది. అప్పుడు మా అమ్మాయి ఫోన్లో వాడి ఫొటో చూపించింది. గోధుమరంగు ఒళ్ళు, నిక్కబొడుచుకున్న చెవులు, చుట్ట తిరిగిన తోక. "అమ్మా, వీడు మన ఊరు వాడు. ఎవ్వరూ తీసుకోవట్లేదు" అంది. జార్జియాలో పుట్టి పెరిగిన పిల్ల మన ఊరు అన్నాక నేను ఆగుతానా? వెళ్ళి తెచ్చుకున్నాం.

మాతోనూ, మాతోపాటే ఉండే మా అత్తయ్యతోనూ వాడు వెన్నముద్ద. పరాయి చెయ్యి దగ్గరే వచ్చేది గొడవ. చెయ్యి పైకి లేచిందంటే అందులో రాయి ఉంటుందన్నది రోడ్డు మీద వాడు నేర్చుకున్న చదువు. ముద్దు చేద్దామని ఎవరైనా తల మీదికి చెయ్యి చాపితే చాలు, నడుము వంచేసి, తోక కాళ్ళ మధ్య పెట్టేసి, సోఫా వెనక్కి దూరిపోయేవాడు. సోఫా లేనిచోట పళ్ళు చూపించేవాడు. మేం అలవాటు పడిపోయాం. ఇంటికొచ్చిన వాళ్ళకు ముందే చెప్పేవాళ్ళం, వాణ్ణి పట్టించుకోకండి అని.

పట్టించుకోవలసి వచ్చింది డాక్టరుకు. మామూలు టీకా కోసం తీసుకెళ్ళినప్పుడు మా పశువుల డాక్టరమ్మ ఎలాగో స్టెతస్కోపు ఆనించి, గుండెలో ఏదో చప్పుడు తేడాగా ఉందంది. స్కానింగ్ చెయ్యాలంది. పరాయివాళ్ళను ముట్టుకోనివ్వడు కాబట్టి మత్తు ఇచ్చి చేశారు. గుండె కండరం పలచబడి సాగుతోందని తేలింది. మందులతో చాలాకాలం నెట్టుకురావచ్చు, కానీ మధ్యమధ్యలో స్కానింగ్ చేసి, గుండె ఎలా ఉందో చూసుకుంటూ మందు మారుస్తూ ఉండాలి. అది బాగానే ఉంది. ఆ రోజు మత్తులోంచి వాడు లేవడానికి చాలాసేపు పట్టింది. డాక్టరమ్మ వాడి పక్కనే నేల మీద కూర్చుని ఉండిపోయింది. వాడు కళ్ళు తెరిచాక నా వైపు తిరిగి చెప్పింది: ఈ గుండెకు మత్తు మంచిది కాదు. బలవంతాన పట్టుకుంటే గుండె అదిరిపోయి కొలతలన్నీ తప్పుగా వస్తాయి. మెలకువగా, నెమ్మదిగా నిలబడి పరాయివాళ్ళ చేత పరీక్ష చేయించుకోవడం వీడికి నేర్పండి. ఈలోగా పాత కొలతల మీదే మందు ఇస్తూ పోతాను, కానీ అది చీకట్లో బాణం వెయ్యడమే.

ఇంటికొచ్చే దారంతా కార్లో నాది ఒకటే లెక్క. వాడు నేర్చుకుంటే బతుకుతాడు. నేర్చుకోకపోతే ఏదో ఒక రోజు మత్తు ఇవ్వాల్సివస్తుంది, లేదా మందు తప్పుతుంది. ఇంత చిన్న మాట మీద ఒక ప్రాణం వేలాడుతోందంటే నాకు దేవుడి మీద కూడా కోపం వచ్చింది.

కుక్కలకు శిక్షణ ఇచ్చే ఒకావిడ దగ్గరికి వెళ్ళాం. ఆవిడే అంది, కుక్కల షోలకు తీసుకెళ్ళండి అని. నాకు నవ్వొచ్చింది. షో అంటే టీవీలో చూసేవే కదా, జుట్టు దువ్విన కుక్కలు, సూట్లు వేసుకుని వాటి వెంట పరుగెత్తే మనుషులు. ఆవిడ వివరంగా చెప్పింది. షోలో జడ్జి చేసే పనేమిటంటే, ముక్కూ మొహం తెలియని కుక్క నోరు తెరిచి పళ్ళు చూడటం, మెడ, పక్కటెముకలు, తొడలు తడిమి చూడటం. కుక్క కదలకుండా నిలబడాలి. డాక్టరు గదిలోలా మందుల వాసన ఉండదు, సూది ఉండదు. వీడికి కావలసిన బడి అదే.

పెద్ద సంస్థ షోల తలుపు మాకు రెండు గడియలతో మూసి ఉంది. వీడి జాతిని వాళ్ళు గుర్తించలేదు. పైగా రెస్క్యూ కుక్కలన్నిటికీ చేసినట్టే వీడికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేశారు. అలాంటి వాటిని అందానికి, ఆకృతికి సంబంధించిన ఆ పోటీల్లోకి రానివ్వరు. అప్పుడు మా అమ్మాయి ఫోన్లో వెతికి ఈ చిన్న సంస్థను పట్టుకుంది. ఎవరూ పట్టించుకోని జాతులను నమోదు చేసుకునే సంస్థ. ఆపరేషన్ అయినవాటికీ అక్కడ చోటుంది. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఒకటుంది. మన దేశవాళీ కుక్క ఎలా ఉండాలో వాళ్ళు పద్ధతిగా రాసి పెట్టుకున్నారు. దాన్ని నేను వంటింట్లో నిలబడి అత్తయ్యకు తెలుగులో చెప్పాను: తల కాస్త కోణంగా ఉండాలి, కళ్ళు బాదంగింజల్లా ఉండాలి, చెవులు నిలబడాలి, పొట్ట లోపలికి లాక్కుని ఉండాలి, తోక వీపు మీదికి చుట్ట తిరగాలి, పరాయివాళ్ళ పట్ల జాగ్రత్తగా ఉండొచ్చు గానీ కరవకూడదు.

అత్తయ్య గరిటె పక్కన పెట్టింది. "ఇది మా పేటలో చెత్తకుండీ దగ్గర పడుకునే కుక్కేగా" అంది.

"అదే అత్తయ్యా."

"దాని కళ్ళు బాదంగింజల్లా ఉంటాయని ఎవరు చూశారే ఇన్నాళ్ళూ? ఈ దేశంలో ఎవరో చూశారు. వాళ్ళ కడుపు చల్లగా."

ఆ మాటతో నాకు కళ్ళు చెమర్చాయి. ఊళ్ళో ఛీ, పో అనిపించుకున్న రూపాన్ని ఎవరో తీరిగ్గా చూసి, తూకం వేసి, బాగుంది అని రాశారు. వాళ్ళెవరో నాకు తెలియదు. వాళ్ళ మీద కృతజ్ఞత మాత్రం ఆ క్షణంలోనే మొదలైంది.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. ఇలాంటి చిన్న సంస్థల టైటిళ్ళు చూసి పెద్ద షోలవాళ్ళు పెదవి విరుస్తారు. శనాదివారాలు కారేసుకుని వెళితే సోమవారానికి ఛాంపియన్ అయిపోవచ్చు, పోటీకి ఇంకో కుక్కే ఉండదు అంటారు. అందులో నిజం లేకపోలేదు. మావాడి జాతిలో ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లో షోకి వచ్చేవాడు వీడొక్కడే. అక్కడ కుక్కను కుక్కతో పోల్చరు, రాసిపెట్టిన వర్ణనతో పోలుస్తారు. కొందరు జడ్జీల నుంచి మంచి మార్కు వస్తే టైటిల్. ఆ సులువైన టైటిల్ పట్టుకుని "ఛాంపియన్ వంశం" అని కుక్కపిల్లల్ని అమ్ముకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ తరఫున నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. అయితే నా డిగ్రీ కూడా అలాంటిదే. నేను ఎమ్మెస్ చేసింది మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక చిన్న కాలేజీలో. పేరు చెబితే హైదరాబాదులో వీసా కన్సల్టెంటు కూడా స్పెల్లింగ్ అడిగాడు. క్లాసులో నోరు విప్పాలంటే భయపడే నన్ను అక్కడ ఒక ప్రొఫెసర్ వారంవారం తన గదిలో కూర్చోబెట్టుకుని, నా ప్రాజెక్టు నా చేతే గట్టిగా చెప్పించింది. పెద్ద యూనివర్సిటీలో అయితే నన్ను అంతసేపు కూర్చోబెట్టుకునే తీరిక ఎవరికి ఉండేది? ఈనాటికీ ఆఫీసు మీటింగులో నేను గొంతెత్తితే అది ఆవిడ పెట్టిన భిక్షే. అందుకని ఎవరిచ్చారన్నదానికంటే ఏం నేర్పి ఇచ్చారని అడగడం నాకు అలవాటు.

మా మొదటి షో టెనెసీలో ఒక పల్లెటూరి సంతమైదానంలో జరిగింది. పశువుల ప్రదర్శన పెట్టుకునే రేకుల షెడ్డు, నేల మీద రంపపు పొట్టు, ఎండుగడ్డి వాసన. మడతకుర్చీలు తెచ్చుకుని కూర్చున్న రిటైరైనవాళ్ళు. నేను వినని పేర్ల కుక్కలు, ఒకదానికి ఒళ్ళంతా తాళ్ళలాంటి జడలు. మా జడ్జి డెబ్బై దాటిన పెద్దావిడ, చెవికి మిషను పెట్టుకుని, కాస్త కుంటుతూ నడిచేది. మా వంతు వచ్చింది. ఆవిడ వంగి చెయ్యి చాపగానే మావాడు గొలుసు తెంచుకునేంత పని చేసి నా కాళ్ళ వెనక్కి వెళ్ళి నేలకు అతుక్కుపోయాడు. అందరూ చూస్తున్నారు. నా మొహం మాడిపోయింది.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. పక్కనే ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. వాడి వైపు చూడకుండా నాతో కబుర్లు మొదలుపెట్టింది. ఎక్కడ పుట్టాడు, ఏం తింటాడు అని. నేను గుండె సంగతీ, మత్తు సంగతీ చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు, అడిగిన గొంతు అలాంటిది. ఆవిడ అంతా విని, "ఇవాళ ముట్టుకోను. ముట్టుకోనిదే మార్కు ఇవ్వలేను. కానీ నాకు తొందరేమీ లేదు. వసంతంలో ఇక్కడే ఇంకో షో ఉంది. మళ్ళీ తీసుకురా" అంది. ఆవిడ ఇంగ్లీషుకు నా తెలుగు ఇది. కసురుకుని బయటికి పొమ్మని ఉంటే నేను మళ్ళీ ఆ గుమ్మం తొక్కేదాన్ని కాదు. నా సంగతి నాకు తెలుసు.

ఇంటికొచ్చాక పరాయి చేతులు ఎక్కణ్ణుంచి తేవాలన్నది ప్రశ్న. ఆ జవాబు అత్తయ్యే కనిపెట్టింది. మా సబ్‌డివిజన్‌లో, అంటే మా ఇళ్ళ కాలనీలో, సాయంత్రమైతే ఒక నడక బృందం బయలుదేరుతుంది. పిల్లల దగ్గరికి ఆర్నెల్లు ఉండటానికి వచ్చిన అమ్మానాన్నలు. చీరల కింద స్నీకర్లు, పంచెల మీద మనవడి కాలేజీ స్వెట్‌షర్టులు. మా అత్తయ్య ఆ బృందానికి మకుటంలేని మహారాణి. ఒక రోజు మావాణ్ణి తీసుకుని వాళ్ళకు ఎదురెళ్ళి, "మీరందరూ వీణ్ణి రోజూ ముట్టుకోవాలి" అని హుకుం జారీ చేసింది.

"కుక్కనా వదినగారూ? స్నానం చేసి బయల్దేరానండీ" అంది ఒకావిడ.

"మళ్ళీ చేద్దురుగానిలెండి, వేణ్ణీళ్ళకి కరువా ఈ దేశంలో? వాడి ప్రాణం మీదికొచ్చింది."

ప్రాణం అన్నాక అందరూ దగ్గరికొచ్చారు. అప్పుడు నాకెప్పుడూ తట్టని సంగతి ఒకటి జరిగింది. నేను, మా ఆయన, మా అమ్మాయి, మేమంతా కుక్కను ముట్టుకోవాలంటే తల మీద తడతాం. ఆ పెద్దవాళ్ళు అలా చెయ్యలేదు. వాళ్ళు పసిపిల్లల్ని పలకరించినట్టు చెయ్యి కిందనుంచి తీసుకెళ్ళి గడ్డం పుణికి, ఆ వేళ్ళు తమ పెదాలకు ఆనించుకున్నారు. కిందనుంచి వచ్చిన చేతిలో రాయి ఉండదని మావాడికి ఎలా తెలిసిందో, మొదటి రోజు బిక్కుబిక్కుమంటూనే నిలబడ్డాడు. కొన్ని వారాలు గడ్డమే. తర్వాత మెడ. ఆ తర్వాత పక్కటెముకలు. పళ్ళు చూసే పని ఒక రిటైరైన హెడ్మాస్టరు గారు తీసుకున్నారు. కళ్ళజోడు సర్దుకుని, "ఏదీ, ఆ అను నాయనా" అనేవారు. నా జేబులో ఎప్పుడూ నెయ్యి రాసిన ఇడ్లీ ముక్కలు. ఒక్కో చెయ్యికి ఒక్కో ముక్క. వీసా గడువైపోయి కొందరు వెళ్ళిపోతుంటే కొత్తవాళ్ళు వచ్చేవారు. అదీ మాకు కలిసొచ్చింది, ఎప్పటికప్పుడు కొత్త చేతులు. వెళ్ళిపోయినవాళ్ళు ఇండియా నుంచి వాట్సాప్‌లో అడిగేవాళ్ళు, పిల్లాడు నిలబడుతున్నాడా అని. వాళ్ళందరి రుణం నేనెలా తీర్చుకుంటాను!

వసంతంలో మళ్ళీ టెనెసీ వెళ్ళాం. ఈసారి మా అమ్మాయితోపాటు అత్తయ్యా వచ్చింది. మోటెల్లో పొద్దున్న నేను స్నానానికి వెళ్ళిన సమయంలో ఆవిడ చేసిన పని నాకు తెలియదు. షెడ్డులో మా వంతు వచ్చింది. అదే జడ్జి. ఈసారి ఆవిడ చెయ్యి కిందనుంచి తెచ్చింది. మావాడి చెవులు వెనక్కి వెళ్ళాయి, కానీ కాళ్ళు కదల్లేదు. గడ్డం, పళ్ళు, మెడ. తర్వాత చెవి వెనక తడిమింది. తడిమి, తన బొటనవేలు చూసుకుంది. నల్లగా ఉంది.

ఆవిడ మళ్ళీ రుద్దింది. ఇంకా నలుపు. "ఏమిటిది?" అని అడిగింది. మొహంలో నవ్వు లేదు.

కాటుక. అత్తయ్య దిష్టిచుక్క పెట్టింది. కుక్క ఒంటికి రంగు, పౌడరు లాంటివి ఏవీ రాయకూడదన్నది ఏ సంస్థలోనైనా మొదటి నిబంధన. లోపాలు దాచడానికి చేసే మోసాల్లో అదొకటి. నా ఒళ్ళు భగ్గుమంది. ఇన్ని నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరైందని అత్తయ్య మీద కోపం, మోసగత్తెలా నిలబడాల్సి వచ్చిందని నా మీద నాకు కోపం. ఆ కోపమంతా జడ్జి మీదికి మళ్ళించాను. "ఇది మోసం కాదండీ, మా ఆచారం. చంటిపిల్లలకు పెడతాం. మచ్చలేనివాడికి మచ్చ పెట్టుకుంటామా దాచడానికి?" అని గొంతు పెంచేశాను. ఆవిడ రింగు, అంటే కుక్కల్ని నిలబెట్టే ఆ కంచె లోపలి చోటు, చూసుకునే ఆయన్ని పిలిచింది. పెద్ద టోపీ పెట్టుకున్న భారీ మనిషి. ఆయన తడి కాగితం తెచ్చి, వంగి, చెవి వెనక తుడవడం మొదలుపెట్టాడు. కింద మచ్చేమైనా ఉందా అని ఇద్దరూ వెంట్రుకలు పాయలు తీసి చూస్తున్నారు. నేను ఇంకా వాదిస్తూనే ఉన్నాను.

"అమ్మా!" కంచె అవతలి నుంచి మా అమ్మాయి. "అమ్మా, ఆపు! ప్లీజ్, జస్ట్ లుక్ ఎట్ హిమ్!"

"నువ్వుండవే!" అని కసిరి, అప్పుడు కిందికి చూశాను.

జడ్జి ఒక చెయ్యి వాడి తల మీద ఉంది. నెత్తి మీద. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. టోపీ ఆయన చెయ్యి వాడి చెవిని మడిచి పట్టుకుని ఉంది. మావాడు నిలబడి ఉన్నాడు. తోక కిందికి దిగలేదు. నా అరుపులకు కాస్త విసుగ్గా నా వైపు చూస్తున్నాడు, అంతే. అక్కడే, అంతమంది ముందు, భోరుమన్నాను.

జడ్జి నన్ను ఏడవనిచ్చింది. తర్వాత, "ఈ షోకి నేను మార్కు ఇవ్వలేను. రూల్ రూలే. రంగు కింద దాచిందేమీ లేదని కూడా రాస్తాను. మధ్యాహ్నం ఇక్కడే ఇంకో షో ఉంది, వేరే జడ్జి చూస్తారు, చెవి బాగా కడిగి తీసుకెళ్ళు" అంది. ఆ నిక్కచ్చితనం నాకు అప్పుడే నచ్చింది. జాలిపడి మార్కు పడేసి ఉంటే ఆ టైటిల్‌ను నేనే నమ్మేదాన్ని కాదు. ఆపైన ఆవిడ కుంటుకుంటూ కంచె దగ్గరికి నడిచి, ఇది పెట్టిందెవరని అడిగింది. అత్తయ్య తలెత్తుకుని ముందుకొచ్చింది.

"నేనే పెట్టానమ్మా. ఇంతమంది వాణ్ణి చూసి ముచ్చటపడితే దిష్టి తగల్దూ? మీ కళ్ళు చల్లనివే. అందరి కళ్ళూ ఒకటేనా?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ బొటనవేలి నలుపు కాసేపు చూసుకుని పకపకా నవ్వింది. అత్తయ్య ఊరుకుంటుందా, కంచె మీదుగా చెయ్యి చాపి, ఆవిడ గడ్డం పుణికి ముద్దు పెట్టుకుంది. నియమాల పుస్తకంలో దానికి శిక్షేమీ లేనట్టుంది.

ఆ మధ్యాహ్నమూ, మర్నాడూ వేరే జడ్జీలు చూశారు. మావాడు నిలబడ్డాడు. మనుషులు మారినా, మగవాళ్ళు వచ్చినా, ఒకాయన పొగాకు కంపు కొట్టినా నిలబడ్డాడు. ఒక్కొక్కరూ చూసినది గట్టిగా చెప్పి, కాగితం మీద రాసి ఇచ్చారు. తోక బాగుందని, వెనక కాలు పాత దెబ్బ వల్ల కాస్త పక్కకు పడుతోందని, చూపు తెలివైనదని. ఆదివారం సాయంత్రానికి టైటిల్ వచ్చింది. పోటీకి ఇంకో ఊరకుక్క లేదు, నిజమే. మావాడు తలపడింది పరాయి చేతులతో. అవి అక్కడ కావలసినన్ని ఉన్నాయి.

తర్వాత నెలలో అత్తయ్యనూ వెంటబెట్టుకుని, మా డాక్టరమ్మ పంపిన గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాం. గదిలో మందుల వాసన, చల్లటి బల్ల, ముక్కూ మొహం తెలియని ఇద్దరు సహాయకులు. డాక్టరు నెమ్మదైన మనిషి. చెయ్యి కిందనుంచి తేవాలని నేను ముందే చెప్పాను, ఆయన అలాగే తెచ్చాడు. మావాడు ఒకసారి నా వైపు చూశాడు. తర్వాత రంపపు పొట్టులో నిలబడ్డట్టే నాలుగు కాళ్ళూ సర్దుకుని బల్ల మీద నిలబడ్డాడు. పక్కన వెంట్రుకలు గొరిగారు, జిగురు పూశారు, ఆ పరికరం పక్కటెముకల మధ్య ఆనించి నొక్కారు. కదల్లేదు. తెర మీద వాడి గుండె తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపించింది.

డాక్టరు చాలాసేపు చూశాడు. కొలతలు మళ్ళీ మళ్ళీ తీసుకున్నాడు. గుండె మేం అనుకున్నదానికన్నా బలహీనపడిందని చెప్పాడు. మందు మార్చాలి, మోతాదు పెంచాలి, ఇవాళే మొదలుపెడితే ఇంకా మంచి కాలం ఉందని చెప్పాడు. ఆపి, పాత రిపోర్టు చూసి అడిగాడు, "పోయినసారి మత్తు ఇచ్చి చేశారు కదా?"

"అవునండీ."

"ఇవాళ వీడు నిలబడకపోయి ఉంటే నేనూ మత్తే ఇచ్చేవాణ్ణి" అన్నాడు. "ఈ గుండెతో, వీడు మళ్ళీ లేచేవాడు కాదు."

అత్తయ్య ఏమన్నాడే, ఏమన్నాడే అని నా చీరకొంగు పట్టుకుని లాగుతోంది. నేనేమో టెనెసీలో కుర్చీ లాక్కుని కూర్చున్న ఆవిడకు, సాయంత్రాలు నడిచి నడిచి వెళ్ళిపోయిన ఆ పెద్దవాళ్ళకు, వరసపెట్టి మనసులోనే దణ్ణాలు పెట్టుకుంటున్నాను. మావాడు మాత్రం అలాగే నిలబడి ఉన్నాడు. డాక్టరు చెయ్యి ఇంకా వాడి పక్కటెముకల మీదే ఉంది.